తలుపుకు అడ్డం నిలబడని మనిషి

ఆయన పోయాడని ఆయన కూతురు ఫోన్ చేసినప్పుడు నేను డ్యూటీ ముగించుకుని హాస్పిటల్ పార్కింగ్‌లో కారులో కూర్చుని ఉన్నాను. ఈమధ్య నాకిది అలవాటైంది. డ్యూటీ అయ్యాక వెంటనే కారు తీయబుద్ధి కాదు. పావుగంటసేపు స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, ఎవరూ నన్నేమీ అడగని ఆ కాసేపు అలాగే ఉండిపోతాను.

"నాన్న ఫోన్‌ల మీ నంబరు డాక్టరమ్మ అని ఉంది మేడమ్. అందుకే చేస్తున్న. నిన్న పొద్దున నాన్న పోయిండు. గుండె ఆగిపోయింది. చాయ్ పెట్టుకుంటానని లేచిండు, అంతే."

గుండె ఆగిన మనుషుల ఇంటివాళ్లతో వారానికి మూడు నాలుగుసార్లు మాట్లాడే దాన్ని. ఏ మాట ముందు చెప్పాలో, ఎక్కడ ఆగాలో అన్నీ నేర్పారు మాకు. అవేవీ నోటికి రాలేదు. "అయ్యో తల్లీ" అన్నాను. ఆ అమ్మాయి ఏడ్చింది. నేను వింటూ కూర్చున్నాను.

ఆయన మా ఎమర్జెన్సీలో సెక్యూరిటీ గార్డు. నిజామాబాద్ దగ్గరి మనిషి. నేను గుంటూరులో డాక్టరు చదువు చదివి, ఈ దేశం వచ్చి, పరీక్షలన్నీ మళ్లీ రాసి, రెసిడెన్సీ అనే హాస్పిటల్ శిక్షణ చేసి, నలభై దగ్గరపడ్డాక ఈ హాస్పిటల్లో చేరాను. మొదటి వారంలో ఆయన నా బ్యాడ్జి మీద పేరు చూసి, "తెలుగేనా అమ్మా?" అని అడిగాడు. ఔనన్నాను. "మంచిగైంది. ఇంగ్లీషు మాట్లాడి మాట్లాడి దవడలు నొస్తున్నయి" అన్నాడు.

మొదట్లో అంకుల్ అని పిలిచాను. ఇక్కడ మనవాళ్లందరం అలాగే పిలుస్తాం కదా. ఆయనకు నచ్చలేదు. "అంకుల్ ఏందమ్మా, నెత్తి తెల్లగైతే అంకులేనా? అన్నా అనున్రి" అన్నాడు. అప్పటినుంచీ అన్నా అనే పిలిచాను. ఆయనకు మాత్రం నేను చివరిదాకా డాక్టరమ్మనే.

మనిషి పొడుగు కాదు. కండలు లేవు. యూనిఫాం షర్టు భుజాల దగ్గర వదులుగా వేలాడేది. మిగతా గార్డులు గదిలోకి వస్తే తలుపు నిండా నిలబడేవారు. ఈయన ఎప్పుడూ తలుపు పక్కన, గోడవైపు నిలబడేవాడు. నాకది విచిత్రంగా ఉండేది. కాపలా మనిషి తలుపుకు అడ్డం ఉండాలి కదా అని ఒకరోజు అడిగాను.

"భయపడ్డోడు ముందుగాల తలుపే చూస్తడమ్మా. తలుపు కనవడితే సగం తగ్గుతడు. నేను అడ్డం నిలవడితే నన్ను దాటుకొని పోవాలె. దాటుకొని పోవాల్నంటే కొట్టాలె గద."

మాకు రెసిడెన్సీలో గుండె ఎలా నడపాలో, ఊపిరి ఎలా పోయాలో, కడుపులో రక్తం ఎక్కడుందో యంత్రంతో ఎలా వెతకాలో ఏళ్ల తరబడి నేర్పారు. ఆవేశంలో ఉన్న మనిషి గురించి ఒక్క పూట నేర్పారు. ఏ మందు ఎన్ని మిల్లీగ్రాములు అని ఒక పట్టిక ఇచ్చారు. నటుల చేత తీయించిన వీడియో ఒకటి చూపించారు. అందులో కోపంగా ఉన్న రోగి కూడా తన వంతు వచ్చేదాకా ఆగి మాట్లాడాడు. ఆ వీడియో చూశాక ఒక ఫారం ఇచ్చారు. ఇలాంటి రోగిని సంభాళించడానికి మీరు ఎంత సిద్ధంగా ఉన్నారు, ఒకటి నుంచి ఐదు దాకా చెప్పండి అని. నేను నాలుగు పెట్టాను. అబద్ధం రాస్తున్నానని కూడా అప్పుడు తెలియదు.

నా నాలుగు ఎంతటిదో చేరిన నెలలోనే తెలిసింది. పోలీసులు ఒక లారీ డ్రైవర్ని తీసుకొచ్చారు. హైవే పక్కన లారీ ఆపి, దిగి, రోడ్డు మీద అరుస్తూ తిరుగుతున్నాడట. రెండు రోజులుగా నిద్ర లేదు, ఏదో మత్తుమందు తీసుకున్నాడు కూడా. ఆరడుగుల పైన ఉన్నాడు. నేను పుస్తకంలో చెప్పినట్టు నేరుగా గదిలోకి వెళ్లి, ఎదురుగా నిలబడి, నా పేరు చెప్పి, "శాంతించండి సర్" అన్నాను. ఆయన నా మెడలో ఉన్న స్టెతస్కోపు పట్టుకున్నాడు. లాగలేదు. పట్టుకున్నాడంతే. కానీ ఆయన ముఖం నా ముఖానికి జానెడు దూరంలోకి వచ్చింది. ఆయన కళ్లలో ఎర్రటి నరాలు ఇప్పటికీ గుర్తున్నాయి.

అన్న పరిగెత్తుకు రాలేదు. నడిచి వచ్చాడు. గోడ పక్కన గొంతుక్కూర్చున్నాడు. మోకాళ్ల నొప్పులున్న మనిషి, పటపటమని చప్పుడైంది. కిందనుంచి పైకి చూస్తూ తన వచ్చీరాని ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పాడు.

"సర్, డాక్టర్ న్యూ. డాక్టర్ స్కేర్డ్. యూ ఆల్సో స్కేర్డ్. మీ ఆల్సో నీ పెయిన్." తనకూ మోకాళ్ల నొప్పులేనని ఆ చివరి మాట.

లారీ డ్రైవరు కిందికి చూశాడు. నేల మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటున్న గార్డుని చూసి ఏమనుకున్నాడో, వేళ్లు వదులయ్యాయి.

"వాటర్ సర్? కోల్డ్? నార్మల్?"

"కోల్డ్" అన్నాడు డ్రైవరు.

ఆ తర్వాత మందు వేసుకోవడానికి ఒప్పుకున్నాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. బయటికొచ్చాక అడిగాను. "అన్నా, అందరి ముందు నేను భయపడ్డానని ఎందుకు చెప్పారు?"

"భయపడలేదా?"

"పడ్డాను. అయితే మాత్రం?"

"ఆయనకు కనవడుతనే ఉంది గదమ్మా. మీరు భయపడుకుంట శాంతించు శాంతించు అంటే అబద్ధం చెప్తున్నరని తెలుస్తది. మెడల గా తాడు తీసి జేబుల పెట్టుకోన్రి ఇగ."

అప్పటినుంచీ నేను స్టెతస్కోపు మెడలో వేసుకోవడం మానేశాను. ఆయనను గమనించడం కూడా అప్పుడే మొదలుపెట్టాను. ఏ గదిలోనుంచైనా అరుపు వినిపిస్తే ముందు అక్కడ మూగిన వాళ్లను ఒక్కొక్కరినే ఏదో పని చెప్పి పంపేసేవాడు. మానిటర్ మోత తగ్గించమని నర్సుని బతిమాలేవాడు. పైన లైటు ఆర్పి పక్క లైటు వేసేవాడు. వెచ్చటి దుప్పట్ల పెట్టెలోనుంచి ఒకటి తెచ్చి చేతి మీద వేసుకుని నిలబడేవాడు. ఏది అడిగినా రెండు అడిగేవాడు. దుప్పటి కాళ్లకా, భుజాలకా? బిస్కట్టా, జ్యూసా? తలుపు తెరిచి ఉంచాలా, దగ్గరికి వెయ్యాలా? ఎందుకలా అంటే, "ఈడికొచ్చినంక బట్టలు మనమే విప్పిస్తిమి, ఫోన్ మనమే గుంజుకుంటిమి. ఏదో ఒకటి ఆయన ఇష్టం మీద నడవాలె గద" అన్నాడు.

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే సరిగ్గా చెప్పేవాడు కాదు. ఒక్కసారి మాత్రం, ఇద్దరం అంబులెన్సులు ఆగే చోట నిలబడి ఆయన ఫ్లాస్కులో టీ తాగుతుంటే చెప్పాడు. గల్ఫ్‌లో కూలీల క్యాంపులో గదులు చూసుకునే పని చేశాడట. ఒక్కో గదిలో పన్నెండు మంది. ఎండాకాలంలో ఎవరో ఒకరికి మతి చెదిరేది. "ఒకడు నీళ్ల ట్యాంకు ఎక్కి కూసున్నడు. దిగుమంటే దూకుత అంటడు. సాయంత్రం దాక కింద కూసొని మాట్లాడిన. మాటలేం లెవ్వు అమ్మా, వాళ్లూరి బర్రెల గురించి, గంతే. దిగిండు." కప్పు దులిపి మూత పెట్టాడు. "ఇంకొకడు దిగలే" అని లోపలికి వెళ్లిపోయాడు. ఆ సంగతి నేను మళ్లీ అడగలేదు.

ఇలా రాస్తుంటే ఆయన మహా శాంతమూర్తి అనిపిస్తుందేమో. కాదు. తోటి గార్డులు డ్యూటీలో ఫోన్ చూస్తే వాళ్ల మీద విరుచుకుపడేవాడు. ఆలస్యంగా వచ్చిన వాళ్ల మీద ఫిర్యాదు చేసేవాడు. అందుకే వాళ్లలో చాలామందికి ఈయనంటే పడేది కాదు. నా తెలుగును ఎగతాళి చేసేవాడు. "మీ గుంటూరోళ్లు మంచిగ మాట్లాడినా కయ్యానికొచ్చినట్టే ఉంటది. రోగులతోని ఇంగ్లీషుల మాట్లాడుతున్నరు, బతికిపోయిన్రు" అనేవాడు. రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో పువ్వుల బొమ్మతో శుభోదయం పంపేవాడు. వద్దని ఎంత చెప్పినా వినలేదు. ఒక్కోరోజు ఒకే పువ్వు రెండుసార్లు వచ్చేది.

ఇక ఆ జనవరి రోజు గురించి చెప్పాలి. చెప్పడం కోసమే ఇది రాయడం మొదలుపెట్టాను, ఇంతదాకా పక్కదారులు తిరిగాను.

ఆ రోజు బయట మంచు, లోపల జనం. జ్వరాలు, దగ్గులు, మంచు మీద జారిపడి విరిగిన చేతులు. నడవాలో కూడా మంచాలు వేశాం. మధ్యాహ్నం రెండింటికి నేను ఇంకా పొద్దున తెచ్చుకున్న అన్నం డబ్బా తెరవలేదు. వరసగా అది నా ఆరో డ్యూటీ.

నడవాలో ఒక మంచం మీద డెబ్బై దాటిన పెద్దాయన ఉన్నాడు. ఒకప్పుడు స్కూలు బస్సు నడిపేవాడట. మతిమరుపు జబ్బు. రెండు రోజులుగా ఇంట్లో ఎవరినీ కుదురుగా ఉండనివ్వడం లేదని భార్య తీసుకొచ్చింది. నాలుగు గంటలుగా ఎదురుచూస్తున్నారు. ఆయన లేవబోవడం, నర్సు మళ్లీ కూర్చోబెట్టడం. అన్న ఆ మంచం పక్కనే స్టూలు వేసుకుని, ఆయన ఎడమచేయి తన చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. నేను అటుగా మూడు నాలుగుసార్లు వెళ్లాను. ఒక్కసారీ ఆగలేదు.

ఒక్కసారిగా కేక వినిపించింది. పెద్దాయన చేతికున్న సెలైన్ సూది పీకేసుకున్నాడు. రక్తం దుప్పటి మీద, నేల మీద. నర్సు చేయి పట్టుకుంటే గోళ్లతో గీరాడు. నోటికొచ్చిన బూతులు తిడుతున్నాడు. భార్య గోడకు ఆనుకుని, "ఆయన ఇలాంటి మనిషి కాదండీ" అని ఇంగ్లీషులో మళ్లీ మళ్లీ అంటోంది. ఎవరో కోడ్ వైట్ పిలిచారు. రోగి హింసకు దిగాడు, అందరూ రండి అని మైకులో చెప్పే మాట అది. ఇంకో ఇద్దరు గార్డులు పరిగెత్తుకొచ్చారు. సరిగ్గా అప్పుడే ఛాతీనొప్పితో ఉన్న మనిషిని అంబులెన్సువాళ్లు లోపలికి తోసుకొస్తున్నారు. నేను అక్కడ ఉండాలి, ఇక్కడ ఉండాలి.

మంచానికి కట్టెయ్యండి, ఇంజెక్షన్ ఇవ్వండి అన్నాను.

అన్న చేయి వదల్లేదు. తొందరలో ఆయనకు ఇంగ్లీషు రాదు. తెలుగులో అన్నాడు.

"అమ్మా, జర ఆగున్రి. ఈయనకు కోపం గాదు. మూత్రం బిగవట్టింది. మూడుసార్లు బాత్రూంకు తీస్కపోయిన, ఒక్క చుక్క రాలే. పొట్ట చూడున్రి, ఎట్ల పట్టుకుంటుండో. ఒక్కసారి చెయ్యి పెట్టి చూడున్రి అమ్మా."

నేను విన్నాను. ప్రతి మాటా విన్నాను. ఆ నడవాలో ఆ మాటలు అర్థమైన మనిషిని నేనొక్కదాన్నే. నా లోపల ఒక మూల, వైద్యం చదివిన మూల, ఔను అని కూడా అంది. కానీ ఆగాలంటే ఆరు డ్యూటీల తర్వాత కూడా ఇంకా కొంచెం ఏదో మిగిలి ఉండాలి. నాలో అది లేదు.

"ప్లీజ్. నౌ. హోల్డ్ హిమ్" అన్నాను, ఇంగ్లీషులో, అందరి ముందు.

ఆయన నా ముఖం వంక చూశాడు. పెద్దాయన చేయి మెల్లిగా మంచం మీద పెట్టి, లేచి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు. పట్టుకోలేదు. మిగతా ఇద్దరూ పట్టుకున్నారు. ఆ పెనుగులాటలో పెద్దాయన కాలు నర్సుకు తగిలి, ఆమె మంచం కమ్మీ మీద పడింది. మణికట్టు విరిగింది. కట్టెయ్యడం అయింది. ఇంజెక్షన్ ఇవ్వడం అయింది. నేను ఛాతీనొప్పి మనిషి దగ్గరికి వెళ్లిపోయాను.

ముప్పావుగంట తర్వాత తిరిగొచ్చి పెద్దాయన పొట్ట మీద చేయి పెట్టాను. బొడ్డు దాకా రాయిలా గట్టిగా ఉంది. గొట్టం వేస్తే లీటరు పైన మూత్రం వచ్చింది. జలుబుకని భార్య ఇచ్చిన మాత్రలు అలా చేశాయి. ప్రొస్టేటు గ్రంథి వాచిన మగవాళ్లకు ఆ మాత్రలు పడవు. పుస్తకంలో ఉన్న సంగతే. నేను పరీక్షలో రాసిన సంగతే. ఈలోగా మందు మత్తు ఎక్కువై ఆయనకు ఊపిరి అందడం తగ్గింది. మత్తులో ఉమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వచ్చింది. రెండు వారాలు వార్డులో ఉండి ఇంటికెళ్లాడని ఆ తర్వాత ఫైలులో చూశాను.

నర్సుకు దెబ్బ తగిలింది కాబట్టి విచారణ జరిగింది. నాకొక ఫారం పంపారు. డాక్టరుగా మీరేం చెప్పారు? గార్డు ఏం చేశాడు? గార్డు తన ప్రవర్తనకు కారణం ఏమైనా చెప్పాడా?

మూడో ప్రశ్న దగ్గర చాలాసేపు కూర్చున్నాను. ఆయన చెప్పింది ఉన్నది ఉన్నట్టు రాస్తే, ఒక గార్డు చూసింది నేను చూడలేదని రాయాలి. చెప్పినా వినలేదని రాయాలి. అప్పటికి నాకింకా అక్కడ పర్మనెంటు కాలేదు. బయటి దేశంలో చదివిన డాక్టరు తప్పు చేస్తే దాన్ని చదువు మీదికి తోస్తారన్న భయం మాలో చాలామందికి ఎప్పటికీ పోదు. ఇవన్నీ కారణాలే. ఏదీ సమర్థన కాదు.

ఏదో అన్నాడు, స్పష్టంగా వినపడలేదు అని రాశాను.

వారం తిరక్కుండా ఆయనను మా హాస్పిటల్ నుంచి తీసేశారు. ఆయన కంపెనీ ఇంకెక్కడికో మార్చింది. పొద్దున్నే వచ్చే పువ్వు రావడం ఆగిపోయింది. వద్దు వద్దని నేను మొత్తుకున్న పువ్వే. మూడు నెలలపాటు పొద్దున లేవగానే ఫోన్ చూసి, రాలేదని చూసుకుని, పక్కన పెట్టేదాన్ని.

ఏప్రిల్‌లో ఒకరోజు తట్టుకోలేక ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు.

"డ్యూటీల ఉన్న. రాన్రి, చాయ్ తాగుదురు" అన్నాడు. మామూలుగానే.

మిస్సిసాగా అనే పక్క ఊళ్లో విమానాశ్రయం దగ్గరి గోదాముల్లో ఒకదాని గేటు దగ్గర వేశారు ఆయనను. చిన్న అద్దాల గది, ఒక కుర్చీ, ఒక హీటరు. లారీలు వస్తే కాగితం చూసి గేటు ఎత్తాలి. నాకు కుర్చీ ఇచ్చి తను నిలబడ్డాడు. ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చాడు. కాసేపు ఇద్దరం లారీలనే చూశాం.

"నన్ను క్షమించండన్నా" అన్నాను.

ఆయన వెంటనే ఏం కాదమ్మా అంటాడని అనుకున్నాను. ఎప్పుడూ అనే మాట అది. అనలేదు.

"స్పష్టంగ వినవడలేదని రాసిన్రట. కంపెనీ ఆయన చదివి వినిపిచ్చిండు."

"ఔను."

"మీరు తెలుగుల విన్నరు. ఇంగ్లీషుల మర్చిపోయిన్రు."

ఆయన గొంతు పెంచలేదు.

"మీరెందుకు చెప్పలేదన్నా వాళ్లకి? మీరైనా చెప్పాల్సింది కదా."

"ఏమని చెప్పాలె? నేను చెప్పిన, డాక్టరమ్మ వినలే అని చెప్పాల్నా? ముందుగాల నన్ను అడిగిందే గది, నువ్వు డాక్టరువా అని. కాదన్న. మరి డాక్టర్ చెప్పింది ఎందుకు చెయ్యలే అన్నరు. మిస్టేక్ సర్ అన్న." కొంచెం ఆగి, "గా నర్సమ్మకు దెబ్బ తాకింది. నేను పట్టుకుంటే తాకకపోతుండె కావచ్చు. గా సంగతి నాకు తెల్వది. గందుకే మిస్టేక్ అన్న, మీ కోసం కాదు" అన్నాడు.

ఆ మాట నాకు మంచే చేసింది. ఆయన నన్ను కాపాడాడు అనుకుంటే ఆ బరువు కింద నేనింకా ముడుచుకుని కూర్చునేదాన్ని. ఆయన నన్నేమీ కాపాడలేదు. తన లెక్క తను చూసుకున్నాడు. నా లెక్క నేను చూసుకోవాలి.

ఆ రాత్రే రాశాను అంటే బాగుండేది. కానీ ఇంకో పది రోజులు పట్టింది. అన్న అన్న ప్రతి మాటా ముందు తెలుగులో, కింద ఇంగ్లీషులో రాసి, ఇవి నేను ఆ రోజే విన్నాను, అర్థం చేసుకున్నాను, పట్టించుకోలేదు, తర్వాత వినపడలేదని రాశాను అని పంపించాను. మీటింగుకు పిలిచారు. మా విభాగం పెద్ద, నాణ్యత చూసే ఆవిడ, సెక్యూరిటీ కంపెనీ మనిషి. నేను చదువుతుంటే ఎవరూ అడ్డు రాలేదు. చివరికి నాణ్యత చూసే ఆవిడ, "ఆయన ఇంగ్లీషులో చెప్పి ఉంటే ఆగేవారా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు సిద్ధపడి వెళ్లలేదు నేను. "ఆగేదాన్ని కాదు. ఇంగ్లీషులో చెప్తే ఇంకొకరు విని, నన్ను ఆపి ఉండేవారు. అంతే" అన్నాను.

నాకు ఒక లిఖితపూర్వక హెచ్చరిక ఇచ్చారు. అనుకున్నంత భయంకరంగా ఏమీ లేదు. ఫైలులో ఒక కాగితం. విరిగిన మణికట్టుతో ఆరు వారాలు ఇంట్లో ఉండి వచ్చిన నర్సు, ఒకరోజు కాఫీ దగ్గర, "ఆయన అన్నది నాకు తెలిసి ఉంటే పొట్ట నేనే చూసేదాన్ని" అంది. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

మార్పులు నెమ్మదిగా వచ్చాయి. ఎవరినైనా కట్టెయ్యబోయే ముందు అర నిమిషం అందరూ ఆగాలి అన్నారు. అప్పటిదాకా రోగి దగ్గర ఎవరు కూర్చున్నారో వాళ్లు ముందు మాట్లాడాలి, గార్డైనా, ఊడ్చే మనిషైనా, ఏ భాషలోనైనా. కొత్తగా వచ్చే రెసిడెంట్లకు నేనే అది నేర్పుతున్నాను. వీడియో లేదు. గదిలో నిలబెట్టి, తలుపు ఎక్కడుంది, నీ చేతులు ఎక్కడున్నాయి అని అడుగుతాను. ఆయన పేరు ఏ కాగితంలోనూ లేదు. అర నిమిషం కూడా ప్రతిసారీ దొరకదు. దొరకని రోజు పార్కింగ్‌లో కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను.

సెప్టెంబరులో కంపెనీవాళ్లు ఆయనను మళ్లీ మా దగ్గరికి రమ్మని అడిగారట. ఆ కబురు తెలిసి సంతోషంగా ఫోన్ చేశాను.

"రానన్న అమ్మా" అన్నాడు. "ఈడ మంచిగుంది. లారీలకు కోపం రాదు. మోకాళ్లు గూడ ఇంక వంగుత లెవ్వు."

బతిమాలాను. వినలేదు. సరే, ఆయన ఇష్టం. ఇక పెట్టేద్దామనుకుంటుంటే ఆయనే అడిగాడు.

"ఔ గనీ డాక్టరమ్మా, గా బస్సాయన ఎట్లున్నడు?"

నాకు తెలియదు. ఎనిమిది నెలల్లో ఫారాలు రాశాం, మీటింగులు పెట్టాం, పద్ధతి మార్చాం. అంతమందిలో ఒక్కరం కూడా ఇంటికెళ్లాక ఆ పెద్దాయన ఎలా ఉన్నాడని అడగలేదు.

"కనుక్కుని చెప్తానన్నా" అన్నాను.

రెండు రోజుల తర్వాత, ఫైలులో ఉన్న నంబరు చూసి ఒషావా అనే ఊళ్లో ఉన్న ఆయన భార్యకు ఫోన్ చేశాను. ఎవరినో చెప్పాను. ఆ రోజు ఆయనను కట్టెయ్యమన్నది నేనే అని కూడా చెప్పాను. ఆవిడ చెప్పింది. ఆగస్టులో పోయాడట. జబ్బు ముదిరింది, తినడం మానేశాడు, హాస్పిటల్‌కు తీసుకెళ్లనని పిల్లలకు చెప్పేసి ఇంట్లోనే పెట్టుకుంది. ఎందుకు తీసుకెళ్లలేదో నేను అడగలేదు. ఆవిడ చెప్పలేదు.

అన్నకు ఫోన్ చేసేముందు, బాగున్నాడని చెప్పేస్తే పోతుంది కదా అనిపించింది. ఒక్క మాట. ఆయనకు ఎలాగూ తెలిసే దారి లేదు. చేతిలో ఫోన్ పట్టుకుని వంటగదిలో అటూ ఇటూ తిరిగాను. చివరికి చేశాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు, ఒక్క ముక్క వదలకుండా చెప్పాను.

అవతల లారీ వెనక్కి వస్తున్న పీప్ పీప్ చప్పుడు. అది ఆగాక అడిగాడు.

"ఇంట్లనే పోయిండా?"

"ఇంట్లోనే. ఆవిడ పక్కనే ఉందట."

"కట్టెయ్యకుంటనే పోయిండు గద. గంతే సాలమ్మా" అన్నాడు. ఇంకో లారీ వచ్చిందని ఫోన్ పెట్టేశాడు.